సుంకలమ్మ ఎగరేసిన కోక పీలికలు

సుంకలమ్మ మొదటిసారి బడికి వచ్చింది టీచరును నాలుగు మాటలు అనిపోవడానికి. చేతిలో ఒక పలక ఉంది. దానికి ఒక పక్క మసి, ఇంకో పక్క ఎండిన గంజి చారలు.

"టీచరమ్మా, పోయినేడు నీవిచ్చిన పలక బసవ్వ ఇంట్లో గంజి కుండకు మూతైండాది. బాగా సరిపోయింది. ఇంకొకటి ఉంటే ఇయ్యి, పులుసు కుండకు మూత లేదంట," అంది.

అది 1962 జూన్ నెల. ఊరు కన్నడ సీమలోని సిరుగుప్పకు ఆరు మైళ్ళు, తుంగభద్ర కాలువ కింద. గుంటూరు వైపు నుంచి వచ్చి భూములు కొన్న రైతులు వేసుకున్న ఊరు కాబట్టి, ముందుగా వచ్చిన రైతు పేరు మీద దాన్ని పిచ్చయ్య క్యాంపు అనేవారు. అర మైలు దూరంలో పాత ఊరు ఉంది. క్యాంపు పొలాల్లో పనిచేసే కూలీలంతా ఆ పాత ఊరివాళ్ళే. వాళ్ళదీ తెలుగే. కాలువ రాకముందు తాతల కాలం నుంచి జొన్న చేలల్లో, పత్తి చేలల్లో పనిచేసినవాళ్ళు. రెండు ఊళ్ళకూ కలిపి బడి ఒక్కటే, నాలుగు తరగతులు. టీచరూ ఒక్కరే, సరోజినీదేవి. ఇరవై ఆరేళ్ళ మనిషి. బందరులో ట్రైనింగు చదివి, భర్త ఇక్కడ పొలం కొంటే వెంట వచ్చింది.

వెనకబడిన కుటుంబాల పిల్లలను బడిలో నిలపడానికి ఆ బడికి మామూలు ఖర్చు కాక అదనంగా కొంత గ్రాంటు వస్తుండేది. ముందు సంవత్సరం సరోజినీదేవి ఆ డబ్బుతో పలకలు, పుస్తకాలు, ఆడపిల్లలకు గౌన్లు కొంది. కొన్న వస్తువులన్నీ సక్రమంగానే పంచింది. జూలైలో నాట్లు మొదలయ్యాయి. పాత ఊరి ఆడపిల్లలు తొమ్మిది మందీ వారం తిరగకుండా బడి మానేశారు. గౌన్లు తిరునాళ్ళకు దాచుకున్నారు. పలకల సంగతి సుంకలమ్మ చేతిలోనే ఉంది.

"పిల్లలు రాకపోతే నేనేం చెయ్యను సుంకలమ్మా? ఇల్లిల్లూ తిరిగి అడిగాను. చదువంటే మా పిల్లకు ఇష్టం లేదని అన్నారు."

"ఎవురన్నారు?"

"తల్లులే."

"అంటారు. ఇంకేమంటారు నీతో? టీచరమ్మా, నీవు ఆ బిడ్డలకు గౌన్లు కుట్టించినావు కదా, నడుములు కొలిపించినావా? ఒక్కొక్కదాని నడుం ఒక పక్కకు వాలి ఉంటాది. తమ్మున్నో చెల్లెల్నో చంకనేసుకొని గెనెం మీద తిరిగి తిరిగి. మడిలో తల్లి నాటు వేస్తాంటే, గెనెం మీద బిడ్డను ఎవురు పట్టుకోవాల? నీ పలక పట్టుకుంటాదా?"

గెనెం అంటే పొలం గట్టు. అక్కడి పద్ధతి ఇది. నాట్లు వేసే ఆడవాళ్ళు పది పన్నెండు మంది గుంపుగా వరసలో వంగి వెనక్కి నడుస్తారు. చంటిబిడ్డ ఉన్నవాళ్ళు పెద్దకూతుర్ని బడి మాన్పించి వెంట తెచ్చుకుంటారు. ఆ పిల్ల గట్టు మీద బిడ్డను ఆడిస్తుంది. ఆకలికి ఏడ్చినప్పుడు తల్లి వరసలోంచి బయటికొచ్చి పాలిచ్చి మళ్ళీ వంగుతుంది. రెండు పంటల నాట్లకూ, కోతలకూ ఇదే తీరు. లెక్క వేస్తే ఆ పిల్లలకు సంవత్సరంలో బడి నాలుగు నెలలు.

అది సుంకలమ్మ ఊరికే అన్న మాట కాదు. ఆమె తన పెద్దకూతురితో ముగ్గురు కొడుకులను మోయించింది. ఆ కూతురు పెళ్ళై బండ్రి అనే ఊళ్ళో ఉంది. ఇద్దరు పిల్లల తల్లి అయినా ఇప్పటికీ ఎడమ పక్కకు ఒరిగి నడుస్తుంది. సుంకలమ్మ జొన్న చేలల్లో కలుపు తీసిన మనిషి; వయసు నలభై దాటాక, కాలువ నీళ్ళు వచ్చాక నాటు నేర్చుకుంది. నేర్చుకున్న రెండేళ్ళకే గుంపుకు పెద్ద అయింది. ఆరేళ్ళు నీళ్ళలో నిలబడేసరికి మోకాళ్ళు పోయాయి. ఇప్పుడు ఇంటి దగ్గర పరుల చింతపండు కొట్టి, గింజ తీసి, ఆ కూలితో బతుకుతోంది. వయసు యాభై. నోరు మాత్రం గుంపు పెద్దదే.

ఆమె పోయాక సరోజినీదేవి గ్రాంటు కాగితం తీసి మళ్ళీ చదివింది. పలకలు, పుస్తకాలు, బట్టలు అని రాసి, చివర ఒక ముక్క ఉంది: పిల్లల హాజరు నిలవడానికి అవసరమైన ఇతర ఖర్చు. మర్నాడు సాయంత్రం ఆమె పాత ఊరికి నడిచి వెళ్ళి, చింతపండు కొడుతున్న సుంకలమ్మ ముందు కూర్చుంది.

"బడి వసారాలో ఆ చంటిపిల్లలను నువ్వు చూసుకుంటావా? నెలకు పన్నెండు రూపాయలు ఇస్తాను."

సుంకలమ్మ రాయి పక్కన పెట్టింది. "నీ చేతిలోదా, సర్కారుదా?"

"గ్రాంటుది."

"అట్లయితే ఒప్పుకుంటా. నీదైతే మీ ఇంటాయన మూణ్ణెల్లకు నిలిపేస్తాడు."

మొదటి పని ఆమె తనంతట తనే పెట్టుకుంది. పాత ఊరంతా తిరిగి పోయినేటి పలకలు ఏరుకొచ్చింది. కుండల మీదివి, కోళ్ళ గంప మీదివి, గోడ కన్నానికి అడ్డం పెట్టినది ఒకటి, మొత్తం పద్నాలుగు. బడి బావి దగ్గర బూడిద పెట్టి తోమించింది. దాంతో కొత్త పలకల ఖర్చు తప్పింది. మిగిలిన డబ్బుతో టీచరు రాగిపిండి, బెల్లం తెప్పించింది, పళ్ళు వచ్చిన పిల్లలకు అంబలి కాయడానికి. వసారా దూలాలకు పాత కోకలతో ఆరు ఉయ్యాలలు వేశారు.

జూలై రెండో వారంలో నాట్లు పడ్డాయి. తొమ్మిది మంది ఆడపిల్లలూ తొమ్మిది మంది పసివాళ్ళతో బడికి వచ్చారు. బిడ్డలను వసారాలో వదిలి తరగతిలో కూర్చున్నారు. మూడు రోజుల్లో ఆ ఏర్పాటు చెడింది.

చెడింది పాల దగ్గర. బిడ్డ ఏడిస్తే సుంకలమ్మ ఆ బిడ్డ అక్కను పిలిచి, అమ్మను పిల్చుకురా పో అనేది. ఆ పిల్ల మడి దగ్గరికి పరిగెత్తేది. తల్లి వచ్చేది, పాలిచ్చేది. పిల్ల మాత్రం తిరిగొచ్చేది కాదు. దొరికింది కదా అని గుంపు ఆ పిల్ల చేత తాగే నీళ్ళు మోయించేది, నారు కట్టలు అందించమనేది. మూడో రోజు మధ్యాహ్నానికి ఆ తొమ్మిది మందిలో తరగతిలో ఇద్దరే మిగిలారు. అందులో ఒకతి కొట్రమ్మ, బసవ్వ కూతురు, నాలుగో తరగతి. హాజరు చాలక రెండేళ్ళు అదే తరగతిలో ఉన్న పిల్ల. ఈ ఏడూ చాలకపోతే పట్టీలోంచి పేరు కొట్టేస్తారు. ఆ తొమ్మిది మందిలో చాలామంది సంగతి అదే.

ఆ సాయంత్రం సుంకలమ్మ పాత ఊరికి పోయి, తొమ్మిది మంది తల్లుల దగ్గరా కట్టి చింపేసిన కోకలోంచి బారెడు పీలిక ఒకటి అడిగి తెచ్చింది. మర్నాడు బిడ్డ ఏడవగానే ఆ బిడ్డ తల్లి కోక పీలికను బడి ముందున్న జెండా కొయ్యకు తాడుతో పైకి లాగింది. వరి పొలాల్లో అడ్డం ఏముంది? మైలు దూరానికి కనబడుతుంది. తన కోకను ఏ ఆడది గుర్తుపట్టదు? మడిలో బసవ్వ తలెత్తి తన ఆకుపచ్చ గళ్ళ పీలిక చూసింది, వరసలోంచి బయటికొచ్చింది, బిడ్డకు పాలిచ్చింది, పోయింది. కొట్రమ్మ తరగతిలోంచి కదలలేదు.

ఒక్కసారి పొరపాటు జరిగింది. గోధుమరంగు పీలిక ఎగరేస్తే ఇద్దరు తల్లులు పరిగెత్తుకొచ్చారు. ఇద్దరూ సిరుగుప్ప సంతలో ఒకే తానులోవి కొనుక్కున్నారు. ఏడుస్తున్నది నా బిడ్డంటే నా బిడ్డని వసారా మెట్ల మీద తగువు పడ్డారు. లోపల ఒక బిడ్డ ఏడుస్తోంది, ఇంకొకడు హాయిగా నిద్రపోతున్నాడు. సుంకలమ్మ ఒకామె పీలికకు నడుమ ముడి వేసింది.

"ముడి ఉండేది నీది. ముడి లేందానికి పరిగెత్తినావంటే మళ్ళీ మడికి నేనే తరుముతా."

పిచ్చయ్యకు మొదట ఇది నచ్చలేదు. బడి కమిటీకి అధ్యక్షుడు ఆయనే, పొలాల్లో ఎక్కువ భాగం ఆయనదే. నాటు వేసే ఆడవాళ్ళు గంటకోసారి తలెత్తి బడి వైపు చూస్తున్నారని టీచరు దగ్గరికి వచ్చాడు.

"అమ్మా సరోజినీ, మీరు చదువు చెప్పుకోండి, నేను కాదనను. వరసలో వంగిన మనిషి తలెత్తితే నాటు వంకర పోతుందండీ."

సుంకలమ్మ వసారాలోంచే అందుకుంది. "పిచ్చయ్యప్పా, ముందర గెనెం మీద తొమ్మిది మంది బిడ్డలుండ్రి. ఒకటి ఏడిస్తే తొమ్మిది మంది తల్లులూ తలెత్తి చూస్తాండ్రి. ఇప్పుడు ఒక్కరే చూస్తాండారు. నిన్న ఎన్ని మళ్ళు అయినాయో నీ మేస్త్రిని అడుగు పో."

పిచ్చయ్య అడిగే ఉంటాడు. తర్వాత ఆ మాట ఎత్తలేదు.

ఆగస్టు పదిహేనుకు ముందురోజు టీచరు పీలికలన్నీ తీయించి, కొయ్యను కడిగించి, మర్నాడు జెండా ఎగరేయించింది. పదహారున మళ్ళీ పీలికలే. జెండా కొయ్యకు ఇలా కట్టడం సరి కాదేమో అని ఆమెకు అనుమానం ఉంది. వేరే గెడ పాతిద్దాం అంది కూడా. అంత పొడుగు గెడ ఈ మైదానంలో దొరకదని సుంకలమ్మ అంది. టీచరు సరేలే అని ఊరుకుంది. తప్పు అక్కడ జరిగింది.

ఇన్‌స్పెక్టరు కెంచప్ప వచ్చింది ఆగస్టు ఆఖరు వారంలో, చెప్పకుండా. బస్సు దిగి, కాలువ గట్టు మీద రెండు మైళ్ళు నడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు. చెడ్డవాడు కాదు, నిక్కచ్చి మనిషి. గ్రాంటు ఉంచాలా, తీసేయాలా అన్నది ఆయన రాసే నాలుగు ముక్కల మీద ఉంది. ఆవరణలో అడుగుపెట్టగానే తల పైకెత్తాడు. జెండా కొయ్య చివర ఆకుపచ్చ గళ్ళ గుడ్డ ఎగురుతోంది.

"ఇదేందమ్మా? జెండా కట్టెకు కోక ఆరేసినారా?"

సరోజినీదేవి చెప్పబోయింది. ఈలోగా ఆయన వసారాలోని ఉయ్యాలలు, అంబలి గిన్నె, ముసలామెను చూశాడు. ముసలామె జీతం ఎక్కడిదని అడిగాడు. టీచరు దాచలేదు.

"హౌదా?" అన్నాడు కన్నడంలో. "గ్రాంటు ఇచ్చింది చదివే పిల్లలకు. ఉయ్యాలలో పిల్లలకు కాదు, ఈయమ్మకు కాదు. ఈ తొమ్మిది మంది పేర్లు మీ హాజరు పట్టీలో ఉన్నాయా?"

"వాళ్ళ అక్కల పేర్లు ఉన్నాయండీ."

"అక్కలు లోపల కూర్చోనుండారు కదా. వాళ్ళకు పలక ఉండాది, పుస్తకం ఉండాది. మళ్ళీ ఇదెందుకు? ముందు ఆ గుడ్డ దించండి. ఈయమ్మను తనిఖీ అయ్యేవరకు బయట కూర్చోమనండి. తర్వాత ఏం రాయాలో నేను రాస్తా."

సుంకలమ్మ పీలిక దించి, మడిచి, చంకన పెట్టుకుంది. నెలకు పన్నెండు రూపాయలు పోతే మళ్ళీ చింతపండు కొట్టుకోవచ్చు. గ్రాంటు ఆగిందన్న కబురు ఊళ్ళోకి పోతే రేపటి నుంచి తొమ్మిది మంది పిల్లలు గట్టు మీదే. ఇది ఇద్దరికీ తెలుసు. సుంకలమ్మ ఆవరణ బయటికి పోయి, ఎండలో కాలువ తూము మీద కూర్చుంది.

కెంచప్ప నాలుగో తరగతితో మొదలుపెట్టాడు. కొట్రమ్మను బోర్డు దగ్గరికి పిలిచి, నూట నలభై నాలుగును పన్నెండుతో భాగించమన్నాడు. ఆ పిల్ల అంకెలు వేసింది. గీత గీసింది. అప్పుడు వసారాలో ఆమె తమ్ముడు ఏడుపు లంకించుకున్నాడు. కొట్రమ్మ వసారా వైపు చూసింది. ఊపే మనిషి లేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి పోయింది, తమ్ముణ్ణి చంకనేసుకుంది, గట్టు దారి పట్టింది.

"ఎక్కడికి పోతాంది?"

"వాళ్ళమ్మ దగ్గరికండీ. పాలకు."

"ఎప్పుడు వస్తుంది?"

"ఇక రాదండీ. రేపు వస్తే వచ్చినట్టు."

ఆయన రెండో పిల్లను పిలిచాడు. పాఠం సగం చదివేసరికి ఆమె చెల్లెలు లేచింది. ఒకరు ఏడిస్తే పక్కవాళ్ళు లేస్తారు, ఉయ్యాలల సంగతి అది. అరగంటలో నలుగురు పిల్లలు నలుగురు బిడ్డలను ఎత్తుకుని వెళ్ళిపోయారు. మిగిలిన ఐదుగురు వసారాలో ఉయ్యాలలు ఊపుతూ నిలబడ్డారు. తరగతిలో మిగతా పిల్లల మధ్య ఆ తొమ్మిది పలకలు నేల మీద ఉన్నాయి, వాటి మనుషులు లేరు. ఏడుపుల మధ్య కెంచప్ప కుర్చీలో కూర్చుని బోర్డు మీద ఆగిపోయిన లెక్క చూస్తున్నాడు.

అంతలో పిచ్చయ్య పంచె ఎగగట్టుకుని గబగబా వచ్చాడు.

"ఏమైందమ్మా, సుంకలమ్మకు ఒంట్లో బాగాలేదా? నలుగురు పిల్లలు గట్టు మీద దిగారు, వరసంతా ఆగిపోయింది. ఇవాళ ఆ మడి తెమలదు." అప్పుడు ఇన్‌స్పెక్టరును చూసి దండం పెట్టాడు. "తమరెప్పుడు వచ్చారండీ?"

"గంటైంది," అన్నాడు కెంచప్ప. "కూర్చోండి. ఆ ముసలమ్మ లేకపోతే మీకేం ఇబ్బంది?"

"నాకా? నాకు నాటు ఆగుతుంది. వీళ్ళకు బడి ఆగుతుంది. ఎవరి ఇబ్బంది వాళ్ళదండీ."

కెంచప్ప లేచి వసారాలోకి వచ్చి, గట్టు మీద తమ్ముణ్ణి ఎత్తుకుని ఒక పక్కకు ఒరిగి నిలబడ్డ కొట్రమ్మ వైపు కాసేపు చూశాడు. తర్వాత తూము దగ్గరికి తనే నడిచాడు. సుంకలమ్మ లేవడానికి ప్రయత్నించింది. మోకాళ్ళు సహకరించలేదు.

"కూర్చో అవ్వా. జెండా కట్టెకు గుడ్డ కట్టేది తప్పు. అది తెలుసా నీకు?"

"తెలుసప్పా. పొడుగు కట్టె అదొక్కటే ఉండె."

"పిచ్చయ్యగారూ, పొడుగు గెడ ఒకటి ఇస్తారా?"

"వెదురు తెప్పిస్తానండీ, సిరుగుప్ప నుంచి."

"బడి వెనకాల పాతండి. ముందర కాదు."

ఆయన సందర్శకుల పుస్తకంలో రాసింది రెండే వాక్యాలు: 'బాలికల హాజరు నిలవడానికి పసిపిల్లల సంరక్షణ ఖర్చు ఈ బడికి అవసరమని స్వయంగా చూశాను. కొనసాగించవచ్చు.' టీచరు ఆ పుస్తకం తూము దగ్గరికి తెచ్చి చదివి వినిపించింది.

"అంతేనా?" అంది సుంకలమ్మ. "ఈ రెండు ముక్కలకు నన్నింతసేపు ఎండలో కూర్చోబెట్టినాడా?"

కర్ర ఒకటి అడిగి తీసుకుని లేచింది. ఏడాదిగా గట్టు ఎక్కని మనిషి, అడుగడుక్కూ ఆగుతూ మడి దాకా పోయింది. నలుగురు పిల్లలనూ నలుగురు బిడ్డలనూ ముందు పెట్టుకుని తోలుకొచ్చింది. నీళ్ళు మోయడానికి ఒక పిల్ల చేతికి బిందె ఇచ్చిన ఆడదాన్ని దారిలోనే తిట్టింది. వాళ్ళు వచ్చేదాకా కెంచప్ప ఉన్నాడు. కొట్రమ్మ లెక్క పూర్తి చేసింది, పన్నెండు అని సరిగ్గానే వేసింది. ఆయన నాలుగింటి బస్సుకు పోయాడు.

వెదురు గెడ వారానికి వచ్చింది. కోతలకు, రెండో పంట నాట్లకు పీలికలు దాని మీదే ఎగిరాయి. మార్చిలో పరీక్షకు తొమ్మిది మందికీ హాజరు సరిపోయింది. ఎనిమిది మంది పాసయ్యారు. పాసైనవాళ్ళలో లెక్కలకు అందరికన్నా తక్కువ మార్కులు కొట్రమ్మవే, అయినా గట్టెక్కింది. ఫలితాలు వచ్చిన రోజు సరోజినీదేవి సంతోషంగా వసారాలోకి వచ్చి ఆ సంగతి చెప్పింది.

సుంకలమ్మ ఉయ్యాల ఊపుతూనే వింది. "తొమ్మిదో బిడ్డ ఎవురు?"

టీచరు పేరు చెప్పింది. దురుగప్ప కూతురు.

"దాని చెల్లెలు నా చేతిలో నిలవలేదు టీచరమ్మా. రోజూ రెండు సార్లు ఆ పిల్లనే పిలిచినాను, ఊపేకి. చదువు చెడింది నా వల్లనే. ఆ పిల్లను మళ్ళీ నాలుగులోనే కూర్చోబెట్టు. చెల్లెలికి ఇప్పుడు అలవాటైంది. ఈ ఏడు పిలవను."

ఆ సాయంత్రం దురుగప్ప ఇంటికి పోయి ఆ మాటే చెప్పింది. జూన్‌లో ఆ పిల్ల బడికి వచ్చింది.